మంత్రి భుజాన సిరిసిల్ల శాలువ

ఢిల్లీలో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడితే కోరుట్లలో ఉండే నేను సిరిసిల్లకు ఎందుకు పరుగెత్తాలని మీరు అడగవచ్చు. తప్పు నాది కాబట్టి.

మా నాయన తాటిచెట్లెక్కి కల్లు దించేవాడు. నేను మూడో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా కల్లు దుకాణంలో ఉడికించిన శనగ గుడాలు పొట్లం కట్టిచ్చే పాత పేపర్లలోనే సాగింది. పదమూడు రోజులకే దిగిపోయిన ప్రభుత్వం, ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం, బయటి నుంచి మద్దతంటూ లోపలి కుర్చీ కాళ్లు కోసిన పెద్దమనుషులు, అందరూ నాకు గుర్తే. అందుకే సిరిసిల్ల నుంచి నా పాత దోస్తు రాజేశం ఫోన్ చేసి, "లచ్చన్నా, మన ఎంపీ సారుకు ఏ శాఖ అస్తదంటవ్?" అని అడిగితే, ఆలోచించకుండా "జౌళి. రాసిపెట్టుకో" అన్నాను.

ఆయన రాసిపెట్టుకోలేదు. నేసిపెట్టుకున్నాడు.

రాజేశం చేనేత మగ్గం మీద కూర్చునే మనిషి. ఊరంతా సాంచాలే, అంటే కరెంటు మగ్గాలే. ఆయన ఇంట్లో మాత్రం గుంట మగ్గం ఇంకా ఉంది. దాని మీద ఉన్నది ఆఖరి పడుగు, అంటే నిలువు దారాల వరస. అది అయిపోతే నూలు లేదు. చేనేత పెద్దలు కొందరు కొత్త మంత్రిని కలవడానికి ఢిల్లీ వెళ్తున్నారు, వాళ్ల చేతికి శాలువ ఇచ్చి, దాంతో పాటు నూలు ఇప్పించమని అడిగిద్దామని ఆయన ఆశ. అది కుదరకపోతే మగ్గం విప్పి, గుంట పూడుస్తానన్నాడు. సారు పేరు, దాని కింద 'కేంద్ర జౌళి శాఖ మంత్రి' అని ఎర్రదారంతో నేశాడు.

ఆదివారం ప్రమాణాలు అయ్యాయి. సోమవారం సాయంత్రం శాఖలు పంచారు. మన సారుకు చేపలు వచ్చాయి. అది కూడా సహాయ మంత్రిగా.

మంగళవారం పొద్దున ఆరుంబావుకు కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సెక్కాను. ఎక్కాను అనడం కన్నా ఎక్కించబడ్డాను అనడం సరైనది. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒక టిఫిన్ డబ్బా లోపలికి వచ్చి సీట్లు పట్టుకున్నాయి. ఎక్కాక ఒక్కో సీటుకు ఇద్దరు హక్కుదారులు తేలారు. ఉచిత టికెట్ ఆడవాళ్లు కూర్చున్నారు, డబ్బిచ్చి టికెట్ కొన్న నేను నిలబడ్డాను. ఇందులో అన్యాయం ఏమీ లేదు, ప్రభుత్వాలు కూడా ఇట్లాగే ఏర్పడతాయి. చివరికి కూరగాయల గంపతో ఉన్న ఒక అమ్మ నన్ను చూసి జాలిపడింది.

"తాతా, గిట్ల జరుగుత, కూసో. ముగ్గురి సీటుల నలుగురం వడతం."

"ఐదో మనిషి వస్తే?"

"వస్తే నిన్ను లేపుత" అంది నవ్వుతూ. దేశంలో ఇంత ముక్కుసూటి పొత్తు నేనెక్కడా చదవలేదు.

ఏడు గంటలకు జగిత్యాల. సిరిసిల్ల బస్సుకు నలభై నిమిషాల టైముంది. బస్టాండు బయట టీ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. చట్నీలో పల్లీలకన్నా నీళ్లు ఎక్కువ. పేపర్లో మంత్రుల ఫోటోలు పేజీ నిండా ఉన్నాయి. టీ కాచే ఆయన నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"గింతమందా మంత్రులు? నా బండి మీద గన్ని గిలాసలు లేవు గదనే పెద్దాయన."

"ప్రతి పార్టీకి ఒకటియ్యాలె కదా" అన్నాను.

"ఇయ్యి, ఎవలొద్దన్నరు. చాయ ఏడున్నది మరి?"

ఆయనకు ఏ శాఖా ఇవ్వలేదు పాపం.

ఏడూ నలభైకి సిరిసిల్ల బస్సు. వేములవాడ మీదుగా వెళ్తుంది. వెళ్లదలచినవాళ్లు కుడి వైపు కూర్చోండి, పొద్దున ఎండ ఎడమవైపు వాయిస్తుంది. వేములవాడలో సగం బస్సు దర్శనానికి దిగిపోయింది. నేనూ దిగి ఒక దండం పెట్టుకుందామా అనుకున్నాను, కానీ రాజేశం ముందు పెట్టవలసిన దండమే పెద్దది. పది గంటలకు సిరిసిల్లలో దిగాను.

వాళ్ల గల్లీలో సాంచాల చప్పుడు మధ్య మాట వినిపించదు. రాజేశం భార్య లక్ష్మి గడపలో కూర్చొని చాటలో బీడీలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"అచ్చినవా అన్నా! మీ జౌళి మంత్రి లోపట మగ్గం మీద పండుకున్నడు, పోయి సూడు."

రాజేశం గుంటలో కాళ్లు పెట్టుకొని ఊరికే కూర్చున్నాడు. శాలువ మగ్గం మీదే నిగనిగలాడుతోంది. అందులో సారు పేరు, నా తెలివి, రెండూ ఎర్రగా మెరుస్తున్నాయి.

"టీవీల గూడ గట్లనే జెప్పిండ్రు రాజేశం" అన్నాను.

"టీవోళ్లకు నేను ఫోన్ జేసిన్నా? నీకు జేసిన."

అక్షరాలున్న ఆ చివర కోసేద్దామన్నాను.

"గంత కోస్తే గది శాలువ గాదు, తువ్వాల. మంత్రి మూతి తుడుసుకుంటడు."

"పోనీ, శాఖ ఒక్కటే విప్పుదాం. పేరు ఉండనీ. మనిషి మారలేదు కదా."

అప్పుడే ఢిల్లీ వెళ్లేవాళ్ల నాయకుడు ఫోన్ చేశాడు. చేనేత సంఘంలో పెద్దమనిషి. స్పీకర్లో పెట్టాడు రాజేశం.

"రాజేశమన్నా, మన సారు టైమిస్తలేడు, చేపలోళ్లు లైన్ల ఉన్నరట. మంత్రులల్ల ఎవలు దొరికితే గాల్లకే కప్పుతం. పేరు, గీరు ఏం వెట్టకు. మూడింటికి బండి బయలెల్తది, నేనే అచ్చి తీస్కపోత."

శాలువ కప్పేది ఎవరికో తెలియదు, కప్పడం మాత్రం ఖాయం. సంకీర్ణ ధర్మం అంటే ఇదే కాబోలు.

పదిన్నరకు మొదలుపెట్టాం. నేసింది విప్పడం నేయడం కన్నా కష్టం. అడ్డంగా నేసిన పేక దారాన్ని ఒక్కొక్కటే వెనక్కి లాగాలి, తొందరపడితే పడుగు తెగుతుంది. రాజేశం లాగాడు, నేను చుట్టాను. మొదట శాఖ పోయింది. తర్వాత 'కేంద్ర' పోయింది. సారు పేరులో చివరి అక్షరం ఊడేసరికి పన్నెండు దాటింది. లక్ష్మి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. నేను తలవంచుకొని తిన్నాను.

"తప్పయిందే రాజేశం. నాకు తెల్వదు అని జెప్పలేకపోయిన" అన్నాను. ఈ వయసులో ఆ మాట నోట్లోంచి రావడానికి జగిత్యాల బస్సు ఎక్కడం కన్నా ఎక్కువ బలం కావలసి వచ్చింది.

ఆయన చెయ్యి కడుక్కొని గుంటలో దిగాడు. "సరే తియ్యి. ఖాళీ జాగ మిగిలింది. గిప్పుడు ఏం నెయ్యాలె?"

గడపలోంచి లక్ష్మి అంది: "కాయితం రాసిస్తే మడతవెట్టి జేబుల వెట్టుకుంటరు, గది ఎవడు సదువుతడు? అడిగేదేదో శాలువ మీదనే అడుగరాదు!"

రాజేశం పేక దారం దూర్చే నాడె తీసుకున్నాడు. రెండున్నరకల్లా ఎర్రదారంతో రెండు మాటలు తేలాయి: 'నూలు ఇయ్యుండ్రి'. కింద చిన్నగా 'సిరిసిల్ల'.

మూడింటికి సంఘం పెద్దమనిషి వచ్చి, మగ్గం నుంచి కోసి మడిచిన శాలువను విప్పి చూశాడు. ముఖం మాడింది.

"ఏందన్నా గిది? గౌరవం జేయవోతున్నమా, అడుక్కోవోతున్నమా?"

"రెండు గాదు, అడుగుతున్నం" అన్నాడు రాజేశం. "మంత్రికి తెలుగు రాకపోతే ఆయన తప్పిచ్చుకుంటడు. ఫోటో సూసే మనోళ్లకు అస్తది గద."

పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఇది వద్దని దారిలో కొంటే దొరికేది మిషన్ శాలువ, అది చేనేతవాళ్ల పేరు చెప్పి కప్పితే నలుగురూ నవ్వుతారని ఆయనకూ తెలుసు. మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఫోటోల అక్షరాలు కనవడేటట్టు కప్పు" అని లక్ష్మి అరిచింది. ఆయన తలూపాడు, ఎట్లా కప్పుతాడో దేవుడికే తెలుసు.

మగ్గం మీద జానెడు పడుగు మిగిలింది. రాజేశం దాన్ని తెంపలేదు. "ఫోటో అచ్చినంక సూస్త. అచ్చేదాక గుంట పూడ్చ" అన్నాడు.

నాలుగుంబావుకు కోరుట్ల బస్సు దొరికింది. వేములవాడ, కథలాపూర్ దారి. జగిత్యాల చుట్టు తిరగాల్సిన పని లేదు, పొద్దున ఇది తెలియక వెళ్లాను. కిటికీ పక్క సీటు ఎవరూ తువ్వాలు వేయకుండానే దొరికింది. పక్కన కూర్చున్న కుర్ర టీచర్ ఫోన్లో మంత్రుల జాబితా చూస్తూ అడిగాడు.

"పెద్దాయనా, గీ ప్రభుత్వం ఐదేండ్లు ఉంటదంటరా?"

నాలుక చివరి దాకా జవాబు వచ్చింది.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.

పొత్తులు కుదిరిన ప్రతిసారీ పార్టీలన్నీ కూర్చొని రాసుకునే ఉమ్మడి కనీస కార్యక్రమాలు నేను చాలా చదివాను. పేజీలకు పేజీలు, ఒక్కటీ గుర్తు లేదు. రెండు మాటల్లో ముగిసినది మాత్రం ఈ రోజే చూశాను. అది ఇప్పుడు ఒక సంచిలో మడతపడి, ఎవరిదో తెలియని భుజాన్ని వెతుక్కుంటూ ఢిల్లీ వెళ్తోంది.