తడి గోనెసంచి కింద తాబేలు

నిన్న శుక్రవారం కదా అని పిల్లవాణ్ణి తీసుకుని ఫువైరిత్ సముద్రతీరానికి బయల్దేరాం. ఖతార్‌లో మేముండే అల్ ఖోర్ నుంచి అదేమంత దూరం కాదు. అయినా వాడి టోపీలు, మందులు, మార్చడానికి బట్టలు, వేడినీళ్ళ ఫ్లాస్కు, నా భయాలు అన్నీ సర్దుకునేసరికి ఊరు మారుతున్నవాళ్ళలా తయారయ్యాం. తీరా వెళితే దారికి అడ్డంగా గొలుసు, పక్కన కాపలా మనిషి. తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలమట, జనాన్ని రానివ్వరు. పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. మావారు కారు వెనక్కి తిప్పుతూ, "మీ మావయ్యగారు వచ్చుంటే గొలుసు కింద నుంచి దూరి వెళ్ళి, తాబేళ్ళందరినీ పేరుపేరునా పలకరించి వచ్చేవారు" అన్నారు. నన్ను నవ్విద్దామనే అన్నారు. అన్నాక ఆయనే ముందు చెయ్యి చాచి రేడియో పెట్టారు. ఇప్పుడు పిల్లవాడు నిద్రపోయాడు. మధ్యమధ్య లేచి వాడి ఊపిరి చూసొస్తూ ఇది రాస్తున్నాను.

మావయ్య అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. నరసాపురం దగ్గర సముద్రం ఒడ్డు పేట మాది. మా ఇళ్ళల్లో చదువుకున్నవాళ్ళం ఒక్కొక్కరమే వల వదిలేసి బడికీ ఆఫీసుకీ వెళ్ళిపోతే, ఆయన మాత్రం వల పట్టుకునే ఖతార్ వచ్చాడు. నేను పెళ్ళై ఇక్కడికి రాకముందు నుంచే అల్ ఖోర్ రేవులో ఒక పడవ మీద పనిచేసేవాడు. చేపల గుంపు కనబడగానే దాని చుట్టూ పడవ తిప్పుకుంటూ గుండ్రంగా వేసే చుట్టువల ఆయన పని. ఈ దేశంలో నాకున్న పుట్టింటి మనిషి ఆయనొక్కడే. పడవ ఒడ్డున ఉన్న శుక్రవారాల్లో చర్చి అయ్యాక మా ఇంటికి వచ్చేవాడు. నా షాంపూ సీసా సగం ఖాళీ చేసి స్నానం చేసినా ఆయన దగ్గర ఉప్పు వాసనే వచ్చేది. ఇక కబుర్లు! మొదటిసారి చెప్పినప్పుడు తలుపంత ఉన్న సొరచేప, నా కడుపులో బిడ్డ పెరుగుతున్న కొద్దీ తనూ పెరిగి, కారంతైంది, లారీ అంతైంది.

"మొన్న తలుపంత అన్నారు కదా మావయ్యగారూ?" అనేవారు మావారు, నవ్వు ఆపుకుంటూ.

"అది దాని పిల్ల అల్లుడూ. ఇప్పుడు చెప్తున్నది తల్లి సంగతి" అనేవాడు తడుముకోకుండా.

ఆయన గొప్పలు ఎవరికీ హాని చేసేవి కావు. పడవ మీద మిగతావాళ్ళు అలసిపోయి పడుకుంటే తను మేలుకున్నాడని, తుఫానులో నౌఖదా (ఇక్కడ పడవ కెప్టెన్ని అలాగే అంటారు) కళ్ళు మూసుకుంటే తనే చుక్కాని పట్టాడని, ఇలాంటివి. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. మెచ్చుకునేవాళ్ళు లేని మనిషి తన భుజం తనే తట్టుకునేవాడు. నేను అన్నం వడ్డిస్తూ "అబ్బో" అంటే చాలు, ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

రూల్స్ గురించి మాత్రం అత్తారింటి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. సణుగుతాడు, గడప మాత్రం దాటడు. మనం వంజరం అనే చేపను ఇక్కడ కనాద్ అంటారు. అది గుడ్లు పెట్టే కాలంలో వలతో పట్టకూడదు, గేలం వేసుకోవచ్చు. "పెళ్ళి వంటలు చేసేవోణ్ణి పట్టుకుని టీ కాయమన్నట్టుందే అమ్మాయ్" అని మా వంటింటి గడప మీద కూర్చుని విసుక్కునేవాడు. వల కన్ను ఇంతకంటే చిన్నదుండకూడదు, సముద్రపు ఆవులనే పెద్ద జంతువులు నీటి అడుగున గడ్డి మేసే చోట వల దించకూడదు. తాబేలుగానీ సముద్రపు ఆవుగానీ వలలో పడితే ఆ క్షణమే నీళ్ళలోకి వదిలెయ్యాలి, ఏ కారణం చేతా పడవ మీద ఉంచకూడదు. ఇవన్నీ ఆయనకి నోటికొచ్చు. "గుడ్డు మీదున్నదాని జోలికెళ్ళకూడదని మా నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. ఈళ్ళు ఇప్పుడు చెప్తన్నారు" అని దానికీ ఒక గొప్ప.

అయితే మా పేటలో ఇంకో అలవాటు కూడా ఉంది. వలలో చిక్కి, పైకి రాలేక ఊపిరాడక సొమ్మసిల్లిన తాబేలును మావాళ్ళు వెంటనే నీళ్ళలో పడెయ్యరు. అలా పడేస్తే రాయిలా మునిగిపోతుందంటారు. పడవలో బోర్లా ఉంచి, వెనకవైపు కాస్త ఎత్తుగా తాడు చుట్ట పెట్టి, తడి గోనెసంచి కప్పి, అది తల ఎత్తి చూసేదాకా ఆగుతారు. ఆ తర్వాత డిప్ప మీద చెయ్యి వేసి, ఇంట్లోవాళ్ళను తలుచుకుని వదులుతారు. గుడికెళ్ళేవాళ్ళు పసుపు రాస్తారు, మాలాంటి వాళ్ళు స్తోత్రం చెప్తారు. చెయ్యి వెయ్యకుండా వదిలిన మనిషిని మాత్రం నేను చూడలేదు.

ఒకనాడు పొద్దున్నే మావయ్య పడవ నౌఖదా ఫోన్ చేశాడు. తమిళాయన, హిందీలో మాట్లాడాడు. ముందురోజు సాయంత్రం వలలో తాబేలు పడితే వదిలెయ్యమన్నా వినకుండా మీ మావయ్య అట్టే పెట్టాడనీ, రేవు ముఖద్వారంలో తనిఖీ పడవ ఎదురొచ్చి గోనెసంచి ఎత్తి చూసిందనీ చెప్పాడు. "నాకు అరబీ అంతగా రాదు, మీరొచ్చి చెప్పండి చెల్లెమ్మా. దాచాడని రాసేస్తే ఇంక ఏ పడవా ఎక్కించుకోదు" అన్నాడు. పిల్లవాడు పుట్టకముందు దోహాలో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చున్నాను కాబట్టి నాకు మాట్లాడే అరబీ వచ్చు. మావారు డ్యూటీలో ఉన్నారు. చంకలో పిల్లవాణ్ణి వేసుకుని టాక్సీ ఎక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. సముద్రం తప్ప ఇంకే పనీ తెలియని మనిషి, సముద్రం లేకపోతే ఏమైపోతాడు?

రేవు పక్క ఆఫీసులో అధికారి చిన్నవాడే. మా పిల్లవాడి చేతిలో ఖర్జూరం పెట్టాడు, నాకు మంచినీళ్ళిచ్చాడు. మావయ్య బెంచీ మీద చొక్కా తడి ఆరకుండా కూర్చుని, నన్ను చూడగానే ఇంత ముఖం చేసుకున్నాడు. "వచ్చావా! అది మీవోడి ఉయ్యాలంత ఉందే. బతికింది!" అన్నాడు. భయమన్నది ఎక్కడా లేదు. తాబేలును అప్పటికే వాళ్ళు తీసుకెళ్ళి సముద్రంలో వదిలేశారట.

అలసిపోయిన తాబేలును బతికించడానికే మావాళ్ళు అలా చేస్తారని నేను అధికారికి చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. "సంచి కింద దొరికిన ప్రతివాడూ ఇదే చెప్తాడమ్మా. నేనెవరిని నమ్మాలి?" అన్నాడు. అందులో తప్పేముంది? అమ్ముకునేవాడూ అదే మాట చెప్తాడు. కాసేపు పిల్లవాడికేసి చూసి, గొంతు తగ్గించి, "తిరిగొచ్చేటప్పుడు ఈ పొద్దున్నే పడి ఉంటుంది. మీవాళ్ళు వదలబోతుండగా మావాళ్ళు వచ్చి ఉంటారు. అంతే కదా?" అన్నాడు. అది ప్రశ్న కాదు. జవాబే తీసి చేతికందిస్తున్నాడు.

నేను చప్పున తెలుగులో, "మావయ్యా, పొద్దున్నే పడిందా అని అడుగుతున్నారు. అవునను" అన్నాను.

మావయ్య బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. "పొద్దున్నేంటే? రాత్రంతా కూర్చున్నది ఎవరు మరి? సంచి ఆరినప్పుడల్లా తడిపింది ఎవరు? నౌఖదా ఆవులిస్తా పోయి పడుకున్నాడు. ఆ మాట చెప్పవేం?"

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. అవునను చాలు."

"నువ్వుండు. నేను చెప్తా." అధికారి వైపు తిరిగి, గుండె మీద చరుచుకుంటూ, పడవల మీద నేర్చుకున్న అరబీలో, "కుల్ లైల్ అనా! నోమ్ మాఫీ! కుల్ లైల్!" అన్నాడు. రాత్రంతా నేనే, నిద్రే లేదు అని. చెప్పి, అధికారి ముఖంలోకి ఆశగా చూశాడు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని నా ముఖంలోకి చూసినట్టే, "అబ్బో" అంటాడేమోనని.

అధికారి కలం తీసుకున్నాడు. మళ్ళీ మాలో ఎవరి వైపూ చూడలేదు.

దాచాడనే రాసి, పడవను కొన్నాళ్ళు రేవులో కట్టేశారు. పడవ యజమాని చెడ్డవాడు కాదు, మావయ్యను ఇంటికి పంపెయ్యలేదు. దోహాకి అవతల బిర్కత్ అల్ అవామిర్‌లో తనకున్న గోదాములో పని ఇచ్చాడు. లారీల్లోంచి అట్టపెట్టెలు దించడం, అరల్లో సర్దడం. అక్కడి నుంచి చూస్తే రేకుల షెడ్లు, దుమ్ము, ఇంకా రేకుల షెడ్లు. ఆ అధికారి మీద నాకు కోపం రాలేదు, ఆ రూలు మీద కూడా లేదు. రూలు లేకపోతే తాబేళ్ళకి ఎవరు దిక్కు? కోపం తెచ్చుకోవడానికి ఎవరో ఒకరు దొరికుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

పోయిన నెలలో కూర వండి తీసుకుని ముగ్గురం గోదాము పనివాళ్ళుండే ఆయన క్యాంప్‌కి వెళ్ళాం. మావయ్య శుభ్రంగా ఉన్నాడు, ఏ వాసనా లేదు. పిల్లవాడికి చాక్లెట్ కొనిచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియక మావారు, "తాతకి పెద్ద తాబేలు దొరికిందిరా, ఎంతుందో అడుగు" అని పిల్లవాణ్ణి ముందుకు తోశారు. ఈపాటికి అది ఏ బస్సంతో అయి ఉంటుందని నేను ముందే నవ్వు సిద్ధం చేసుకున్నాను.

"ఏదో తాబేలురా" అన్నాడు మావయ్య, వాడి బూటు లేసు కడుతూ. "చిన్నదే. వల్లో పడింది, వెళ్ళిపోయింది."

కాలం గడిచే కొద్దీ మనిషి దుఃఖం చిన్నదవుతుందని అందరూ అంటారు. మా మావయ్య దగ్గరకొచ్చేసరికి కాలం దుఃఖాన్ని ఉన్నంతే ఉంచి, తాబేలును చిన్నది చేసింది.