మంచు ఊళ్లో తెరిచిన తలుపులు

మంచు కురవడం నేను ఎన్నడూ చూడలేదు. జహీరాబాద్‌లో పుట్టి, ఇక్కడి బడిలోనే పిల్లలకు డ్రాయింగు నేర్పి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన చలి అంటే పొద్దున్నే కోహీర్ దారిలో మోటారు సైకిలు మీద చెవులకు తగిలేదే. మంచు ఊరు చూడాలని నా భార్యకు ఉండేది. చూద్దాంలే, చూద్దాంలే అంటూ ఏళ్లు గడిపేశాను. పోయిన ఏడు ఆమె పోయింది. ఇక బొమ్మైనా వేద్దామని కేన్వాసు, ఆయిల్ రంగులు తెచ్చుకున్నాను.

ఆమె ఉన్నప్పుడు రంగులు పలచబరిచే టర్పెంటైన్ సీసా మూత తీస్తే చాలు, "తలకాయ నొస్తది, బయట ఏస్కోరాదు!" అని వసారాలోకి తరిమేది. ఇప్పుడు హాలు నడిమధ్యలో స్టాండు పెట్టుకుని వేస్తున్నాను. కసిరేవాళ్లు లేరు. ఆ వాసనకు ఇప్పుడు నాకే తల నొస్తోంది.

తెలుపులో కాస్త నీలం కలిపితే గానీ నీడలోని మంచు మంచులా కనిపించలేదు. అది కనుక్కోవడానికే నాలుగు రోజులు పట్టింది. ఆరిళ్లు వేశాను, కప్పుల నిండా మంచు పోశాను. తడి రంగు మీద మా ఎర్రమట్టి దుమ్ము పడకుండా వీధి తలుపు మూసుకునే బొమ్మ వేశాను.

ఒకరోజు పక్కింటామె తలుపు కొట్టింది. వాళ్లది ఉర్దూ మాట్లాడే కుటుంబం. నా భార్యను అక్కా అని పిలిచేది. ఖిచిడీ గిన్నె నా చేతికిచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"గింత చలిల తలుపులన్నీ బార్లా తీసిపెట్టిన్రేంది సార్? లోపలున్నోళ్లు గడ్డకట్టుకపోరా?"

నిజమే. ఆరు తలుపులూ తెరిచే ఉన్నాయి. మా వాడకట్టులో పగటిపూట తలుపు మూసి ఉంటే ఇంట్లో వాళ్లు ఊరికి పోయినట్టే లెక్క. ఆ అలవాటు చొప్పునే నా చెయ్యి గీసేసింది. ఇన్నేళ్లు పిల్లల బొమ్మల్లో తప్పులు దిద్దినవాణ్ణని తలుచుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆళ్లయి తీసి, మీదేమో మూసుకున్నరు. అక్క పోయినప్పటి సంది చూస్తున్న. మాకు ఫికరైతున్నది సార్."

"దుమ్ము పడ్తదమ్మా. రంగు ఇంక పచ్చిగున్నది."

ఆమె చూపుడు వేలితో మంచును మెల్లగా తాకి, ఆ వేలు నాకు చూపించింది. ఏమీ అంటలేదు.

"ఎప్పుడో ఆరింది సార్."

గిన్నె బల్ల మీద పెట్టాను. ఆమెకు ఎలా చెప్పను? తలుపు తీసి ఉంటే నాకు భయం. నా భార్య కూరగాయలకు పోయింది, ఇప్పుడొచ్చేస్తుంది అనిపిస్తుంది. మొదటి నెలంతా అలాగే వీధి చూస్తూ కూర్చున్నాను.