మెడ కిందనుంచి చూపించిన చీరలు

పెద్దమ్మ పోయిందని కబురు వచ్చేసరికి నేను కొత్తపేట బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పొద్దున్న కాఫీ తాగి, ఇంటికొచ్చిన ఇద్దరికి చీరలు చూపించి, తల తిరుగుతోందని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. ఆవిడ ఊరు బండారులంక వెళ్లే ఆటోలో నాకు ఏడుపు రాలేదు. కాలూ చెయ్యీ ఆడలేదంతే. పదకొండు రోజులైంది, ఇప్పటికీ అలాగే ఉంది. అందుకే రాస్తున్నాను.

ఆవిడ మా అమ్మకి అక్క. మగ్గాలు మూలపడ్డాక ముందుగదిలో చీరలమ్మి ఇల్లు నెట్టుకొచ్చింది. చేతులు కడుక్కుని తుడుచుకుంటే గాని చీర ముట్టేది కాదు. నేసింది ఎవరో పేరు చెప్పకుండా ఏ చీర మడతా విప్పేది కాదు. కొనేవాళ్లు విసుక్కున్నా సరే, చెప్పి తీరేది.

నేను డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న రోజుల్లో చీరలు చూపించి అమ్మడానికి ఫోన్‌లో లైవ్ పెడదామంది పెద్దమ్మ. రోజూ సాయంత్రం చీర భుజాన వేసుకుని అంచు గురించీ పల్లూ గురించీ నేను చెప్పేదాన్ని. కొన్నాళ్లు బాగానే సాగింది. తరవాత చీరలతో పనిలేని మగవాళ్లు చేరారు. వెనక్కి తిరగమని ఒకడు, పమిట జరపమని ఒకడు కామెంట్లు రాసేవారు. మిగతావి ఇక్కడ రాయలేను. అవన్నీ కళ్లముందు కదులుతుంటే నేను నవ్వుతూ జరీ గురించి చెప్పాలి.

ఇక నా వల్ల కాదన్నాను. మర్నాడు పెద్దమ్మ ఫోన్ స్టాండు కిందికి దించింది.

"మొహం తెలిస్తేనే కదే గొడవ. మెడ కిందనుంచి చూపిద్దాం. నువ్వెవరో ఎవరికీ తెలీదు" అంది.

నాకూ అదే మంచిదనిపించింది. కానీ మొహం పోయాక రాతలు ఇంకా పెరిగాయి. అంతకుముందు కాస్తో కూస్తో ఉన్న జంకు కూడా పోయింది వాళ్లకి. చీరలు మాత్రం ఎక్కువ అమ్ముడుపోయేవి. మర్యాదగల ఆడవాళ్లు కూడా "బొమ్మని కొంచెం పక్కకి తిప్పండి" అని రాసేవారు. వాళ్లు నన్ను నిజంగానే షాపు బొమ్మ అనుకున్నారేమో, నాకు తెలీదు. ఇంట్లో అద్దం ముందు నిలబడితే నా కళ్లు నా మొహం దాకా వెళ్లడం మానేశాయి. నడుం చూసుకునేదాన్ని, వాళ్లు చూసినట్టే.

ఒకరోజు లైవ్‌లో పెద్దమ్మ ఫోన్ మీంచి కళ్లు తియ్యకుండానే నా భుజం పట్టుకుని అటు తిప్పేసింది. నోటితో ఒక్క మాట చెప్పలేదు.

"పెద్దమ్మా, చెబితే తిరుగుతాను కదా" అన్నాను.

చూసేవాళ్లందరూ విన్నారు. ఆవిడ చెయ్యి తీసేసి, లైవ్ ఆపేసి, విప్పిన చీరలన్నీ మడతపెట్టేసింది. ఆ వారమంతా ఫోన్ ముట్టుకోలేదు. అమ్మకాలు ఆగిపోయాయని పెదనాన్న గొణిగినా తియ్యలేదు.

తరవాత స్టాండు బాగా పైకెత్తి, నా పక్కన తనూ కూర్చుంది. "ఈవిడ మా చెల్లెలి కూతురండీ. లెక్కల్లో డిగ్రీ చేసింది. మీ పేరూ ఊరూ చెప్పి అడగండి, ఈవిడ చెబుతుంది" అంది. ఎవడైనా చెత్త రాస్తే కళ్లద్దాలు పెట్టుకుని, "బాబుగారూ, మీరు రాసింది చదవడానికి నాకు నోరు రావట్లేదండి. ఫోన్ చేసి మీరే చదవండి, ఇంట్లో అందరం వింటాం" అనేది. ఒక్కడూ చెయ్యలేదు. ఎన్నో నెలల తరవాత మనసారా నవ్వాను. ఆవిడ నన్ను అలా పరిచయం చేశాకే బడికి దరఖాస్తు పెట్టాలన్న ధైర్యం వచ్చింది.

చూసేవాళ్లు మాత్రం సగానికి సగం తగ్గిపోయారు. "మొహం లేనప్పుడే బాగా పోయేవే" అని ఆవిడ ఒక్కోసారి గొణుక్కునేది. నేను విన్నానని తెలిస్తే తల దించుకుని గబగబా మడతలు పెట్టేది.

పాత వీడియోలు ఎవరో ముక్కలుగా కోసి ఎక్కడెక్కడో పెట్టారు. పెద్దమ్మ రోజూ అన్నం తిన్నాక వాటిని వెతికి, తీసేయమని ఫిర్యాదు పెట్టేది. ఒకటి పోతే ఇంకోటి వచ్చేది. ఇప్పుడా పని నేను చేస్తున్నాను. నిన్న కూడా ఒకటి దొరికింది.

కిందటి నెల నన్ను చూడ్డానికి కొత్తపేట వచ్చింది. తిరిగి వెళ్తూ బస్టాండులో ఉన్నట్టుండి అడిగింది.

"అప్పుడు నీ మొహం ఎందుకు తీసేసేననుకుంటున్నావే?"

"నా కోసమే కదా పెద్దమ్మా."

"సగం" అంది. "ఇంకెవరో అలా పెడితే బాగా అమ్ముడవుతున్నాయని చూసేను. అదీ ఉంది."

ఇంతలో బస్సొచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవరు టీకి దిగిపోయాడు. పది నిమిషాలు బస్సు కదల్లేదు. పైనుంచి ఆవిడా, కిందనుంచి నేనూ డ్రైవరు కోసం చూస్తున్నాం.

"వానొచ్చేలా ఉంది" అంది చివరికి.

ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఆయ్, వచ్చేలాగే ఉంది" అన్నాను.