రక్తం సగమే చెప్పింది

వనపర్తిలో ఒక షెడ్డులో నేను కార్లకు రంగు కొట్టేవాణ్ణి. రంగు గట్టిపడేందుకు వేసే హార్డ్‌నర్ మందు కలిపి స్ప్రే గన్నుతో కొడితే డోరు అద్దంలా మెరిసేది. ఆ పనంటే నాకు ప్రాణం.

కొన్నాళ్లకు దగ్గు పట్టుకుంది. షెడ్డులో ఉన్నంతసేపూ బాగానే ఉండేవాణ్ణి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకే షెడ్డు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

మొదట అనుమానించింది మా ఆమె. రంజాన్‌కు ఉప్పునుంతలలో వాళ్ల అమ్మగారింట్లో కొన్ని రోజులున్నాం. "ఈడ దుమ్మే ఎక్కువ. అయినా నీకు దగ్గు లేదు. మరి ఆడ ఏమున్నట్టు?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. తిరుగు ప్రయాణంలో నాగర్‌కర్నూల్‌లో బస్సు దింపి, ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ రక్తం తీయించింది. అలర్జీ వచ్చినప్పుడు పెరిగే కణాలు నా రక్తంలో బాగా ఎక్కువున్నాయట. "నీ ఒళ్లు దేంతోనో కొట్లాడుతుందని రక్తం చెప్తుంది. దేంతోనో ఈ పరీక్ష చెప్పదు. అది మనం కనుక్కోవాలె" అంది.

ఊదితే ముల్లు కదిలే గొట్టం ఒకటి ఇచ్చింది. పనికి పోయిన రోజూ, పోని రోజూ ఊది చూసుకోమంది. షెడ్డుకు పోయిన సాయంత్రాల్లో ముల్లు సగం దూరం కూడా పోయేది కాదు, పోని రోజుల్లో పైదాకా పోయేది. తర్వాత డాక్టరమ్మ మాట మీద కొన్ని వారాలు పని మానేశాను. మళ్లీ రక్తం చూస్తే ఆ కణాలు తగ్గాయి. షెడ్డులో ఏమేం వాడతామో అడిగి, హార్డ్‌నరే కారణమని అప్పుడు డాక్టరమ్మ తేల్చింది.

షెడ్డు యజమాని సేట్‌కు చెప్పాను.

"మంచి మాస్కు కొనిస్త. జర ఓపిక పట్టు."

"ఒంటికి పడకుండ అయినంక జరంత వాసన తగిలినా చాలంట, సేట్. ఇంక గన్ను పట్ట."

"మరి ఏం చేసి బతుకుతవ్?"

"సొట్టలు తీస్త. రంగు లేని కాడ, బయట గాలిల."

ఆ మాటని గన్ను ఆయన ముందు పెట్టేశాను.

నాతోపాటు గన్ను పట్టిన తోటి పనివాడికీ దగ్గుండేది. వాణ్ణి కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. వాడి రక్తంలో ఏమీ తేలలేదు. "అయితే నాకేం లేదన్నా" అని లేచాడు. డాక్టరమ్మ కూర్చోబెట్టింది. "రక్తం బాగున్నంత మాత్రాన ఊపిరి బాగున్నట్టు కాదు. గొట్టం ఊదు." నెల తిరగకముందే, పనికి పోయిన సాయంత్రాల్లో వాడి ముల్లు కూడా నాదానిలాగే కిందికి పడింది.

ఈసారి ఇద్దరం కలిసి సేట్ ముందు నిలబడ్డాం. ఊది రాసుకున్న లెక్కలు ఆయనకు చూపించాం. తర్వాత రంగు కొట్టడానికి వేరే గది కట్టించాడు, వాసన బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించాడు, బయటి గాలిని గొట్టంతో ముక్కు దాకా తెచ్చే మాస్కులు తెప్పించాడు. కొత్తగా చేరేవాళ్లు ముందు దవాఖానకు పోయి గొట్టం ఊది చూపించుకొని రావాలన్నాడు.

తోటివాడు ఇప్పుడు నాతోనే సొట్టలు తీస్తున్నాడు. చలికాలంలో నాకింకా ఊపిరి మందు పంపు పీల్చుకోవాల్సి వస్తుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే సుత్తి పట్టుకొని పనిలోకి దిగుతున్నాను.