రత్తమ్మ అన్నయ్యలు

బెజవాడ జనానికి జాలి లేదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. నడిరోడ్డు మీద మనిషి పడిపోతే ఇక్కడ ఎవరూ తల తిప్పుకుని పోరు. ఆగుతారు. సైకిలుకి స్టాండు వేసి మరీ ఆగుతారు. ఎక్కాల్సిన బస్సు వచ్చినా ఎక్కరు. పడ్డవాడి చుట్టూ గోడ కట్టినట్టు నిలబడి, "గాలి ఆడనివ్వండయ్యా" అని ఒకరినొకరు కసురుకుంటారు. చేతిలో తాళాలగుత్తి పెట్టమని ఒకాయన, ఉల్లిపాయ వాసన చూపించమని ఇంకొకాయన, ఎడమకాలి చెప్పు వాసనకైతే తిరుగే లేదని మూడో ఆయన. వైద్యానికి ఏ లోటూ ఉండదు. మనిషిని ముట్టుకోవడం ఒక్కటే ఎవరూ చెయ్యరు. ముట్టుకున్నవాడు సాక్షి అవుతాడు. సాక్షి అయినవాడు పంట కోతకొచ్చినా, కూతురు పురిటికొచ్చినా కోర్టు మెట్ల మీదే ఉంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

పైగా అంతకంటే ముఖ్యమైన పని ఒకటుంటుంది. పడ్డవాడు ఎవరి తాలూకో తేల్చడం. కృష్ణాజిల్లాలో ఎవరి తాలూకూ కాని మనిషి ఉండటానికి వీల్లేదు. అందుకని స్పృహ లేని మనిషి మీదికి వంగి, ఎంతో మర్యాదగా, "ఏ ఊరండీ తమరిది? ఎవరి తాలూకండీ?" అని అడుగుతారు. ఆయన జవాబు చెప్పకపోతే కాస్త నొచ్చుకుంటారు కూడా.

రత్తమ్మ మొగుడు పేరయ్యకి ఈ మర్యాదలన్నీ జరిగాయి. వాళ్ళది బందరు అవతల సముద్రం ఒడ్డున పల్లె. చేపల గంపలు బస్సు మీద వేసుకుని బెజవాడ వచ్చి అమ్ముకునేవాళ్ళు. ఒకనాడు రత్తమ్మ మార్కెట్లో ఉండగా, పేరయ్య బస్టాండు ముందు గుండె పట్టుకుని కూలిపోయాడు. కబురు తెలిసి ఆమె పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. గుంపులోవాళ్ళు మాత్రం పాపం ఏదీ దాచుకోలేదు. ఎప్పుడు పడిందీ, ఎటు తిరిగి పడిందీ, ఎన్నిసార్లు నీళ్ళు అడిగిందీ పూసగుచ్చినట్టు చెప్పారు. "మరి నీళ్ళు పొయ్యలేదేంటయ్యా?" అని రత్తమ్మ గుండెలు బాదుకుంటే, "సొంతవాళ్ళెవరూ లేరు కదమ్మా" అన్నారు.

ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. మొగుడు పోయినా గంప మానలేదు, ఆ బస్టాండు దారీ మానలేదు. ఏడాది తిరక్కుండానే ఆ చుట్టుపక్కల ఎవరో ముసలావిడ కళ్ళు తిరిగి పడింది. జనం మామూలుగానే గోడ కట్టారు. రత్తమ్మ గంప దించి, జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళి, తనకే తెలియకుండా, "అయ్యో మా పెద్దమ్మో!" అని గొంతెత్తింది. అంతే. అప్పటిదాకా రాళ్ళలా నిలబడ్డవాళ్ళు మనుషులైపోయారు. ఒకడు రిక్షాకి పరుగెత్తాడు, ఒకడు మంచినీళ్ళు తెచ్చాడు, ఒకడు తన గొడుగు పట్టాడు. సొంతమనిషి వచ్చింది, ఇక ఏం జరిగినా ఆమె నెత్తినే. తన పీకల మీదికి రాదని తెలిశాక బెజవాడ వాణ్ణి మించిన దాత ఈ భూమ్మీద లేడు.

కిటుకు దొరికింది. ఆనాటి నుంచి రత్తమ్మకి చుట్టాలకు కొదవలేదు. రిక్షావాడు తమ్ముడు, పంతులుగారు బాబాయి, సాయిబు మావయ్య. నెత్తిన వేసుకునే మనిషి దొరికితే చాలు, ఒక్కదానికి ఇంతమంది చుట్టాలేమిటని అడిగినవాడు లేడు. పెద్దాసుపత్రిలో తెరేసమ్మ అనే నర్సు ఈమెని చూడగానే, "ఇది ఎన్నో అన్నయ్యమ్మా?" అని గుసగుసగా అడిగి, మంచం చూపించేది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అమ్ముడుకాని కొరమీను అప్పుడప్పుడు ఆవిడ ఇంటికి చేరేదన్నది వేరే సంగతి.

ఎమర్జెన్సీ పెట్టిన మరుసటి వేసవి. రోహిణికార్తె. రోళ్ళు పగలడం మాట ఎలా ఉన్నా, బెజవాడలో మనుషులు మాత్రం పగులుతున్నారు. మిట్టమధ్యాహ్నం బస్టాండు ముందు ఒక పెద్దమనిషి, తెల్లని పంచె, జరీ కండువా, వడదెబ్బ తగిలి బోర్లా పడ్డాడు. జనం చేరారు. నలుగురు గుమిగూడితే పోలీసులు పట్టుకుపోతారని ఒకరికొకరు చెప్పుకుంటూనే నలభైమంది గుమిగూడారు. సోడా బండి పుల్లయ్య కూడా గిరాకీ వదులుకుని వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రత్తమ్మ వచ్చి చూసింది. పెదాలు నల్లబడుతున్నాయి. ఆలస్యం చెయ్యలేదు.

"ఓరి నా అన్నో! నన్నొగ్గేసి పోతన్నావా అన్నో!"

పుల్లయ్య గోళీసోడా టప్పున కొట్టి పరుగున తెచ్చాడు. ఒకటి తలకి, ఒకటి గుండెలకి, ఇంకో రెండు కాళ్ళకి. రిక్షా వచ్చింది. నలుగురు కలిసి మనిషిని ఎక్కించారు. అప్పుడు గుంపులోంచి ఎరువుల కొట్టు గుమాస్తా ఒకడు ముందుకొచ్చి, "ఈయన పామర్రు వెంకటప్పయ్యగారండీ. నాకు బాగా తెలుసు. మావీ వాళ్ళవీ పక్కపక్క చేలు" అన్నాడు. అప్పటిదాకా ఆ ముక్క వాడి నోట్లోనే భద్రంగా ఉంది. ఈ మాట అనేశాక రత్తమ్మని ఎగాదిగా చూసి, "ఈయనకి చెల్లెలుందని మాత్రం ఇప్పుడే వినడం" అని, కబురు చల్లారక ముందే అందించాలని పామర్రు బస్సెక్కాడు.

వెంకటప్పయ్య మర్నాడు కళ్ళు తెరిచాడు. ఎవరో ఆడమనిషి తన పాదాలకి తడిగుడ్డ చుడుతోంది. చేపల వాసన వేస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"మెల్లగా అన్నయ్యా. నీకు చెల్లెల్నని చెప్పా. అందరూ వింటన్నారు."

ప్రాణం లేచొచ్చిన మనిషి, లేచీ లేవగానే అడిగిన రెండో ప్రశ్న, "ఏ ఊరు మీది?"

"బందరు అవతల."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. తండ్రి వెంకటసుబ్బారావు బతికున్న రోజుల్లో నెలకోసారి బందరు కోర్టు పనని వెళ్ళి నాలుగేసి రోజులు ఉండిపోయేవాడట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొడుకు నీరసంగా, "మా నాన్నగారు... మీ అమ్మకి..." అని ఆగిపోయాడు.

"మీ నాన్నెవరో నాకేం తెలుసు బాబూ? మీరెవరో కూడా నాకు తెలవదు. రోడ్డు మీద పడుంటే తెచ్చా."

"గుట్టుగల మనిషివమ్మా" అన్నాడాయన కళ్ళు మూసుకుని.

సాయంత్రానికి ఆయన భార్య మాణిక్యమ్మ, ఆవిడ తమ్ముడు తిరుపతిరావు దిగారు. మాణిక్యమ్మ మొగుడి నుదురు తాకి చూసింది, కాదనకూడదు. కానీ ఆ వెంటనే రత్తమ్మ దగ్గరికొచ్చి, చిలక్కొట్టిన జామకాయని చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ముక్కు అచ్చం మా మావయ్యగారిదేరా తిరుపతీ" అని కూలబడింది.

ఆవిడ బాధకి కారణం లేకపోలేదు. సీలింగు చట్టం దెబ్బకి ఆ ఇంటివాళ్ళు ఉన్న చుట్టాలందరి పేరా పొలాలు సర్దారు. పాలేరు పేరు మీద కూడా ఒక చెక్క ఉంది. అంతా సర్దుకుని ఊపిరి పీల్చుకుంటుంటే, చేపల గంపతో ఒక ఆడపడుచు ఊడిపడింది.

"నీ వాటా ఎంతకి వదులుకుంటావో చెప్పు" అన్నాడు తిరుపతిరావు సూటిగా. "మేం మర్యాదస్తులం. సివిలు దావాలు మాకు కొత్త కాదు."

రత్తమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. "నాకేమీ వద్దు బాబూ. నేనాయనకేమీ కాను. పడిపోతే తెచ్చా, అంతే."

"ఊరికే తెచ్చావు! ముక్కూ మొహం తెలియని మనిషికోసం గంప గాలికొదిలేసి నిన్నటి నుంచీ ఇక్కడ కూర్చున్నావు! మా చెవుల్లో పువ్వులేమైనా కనపడుతున్నాయా? నిప్పు లేందే పొగ రాదు."

చచ్చి స్వర్గాన ఉన్న వెంకటసుబ్బారావు చూసుకోవాలి ఆ వైభోగం. ఆయన బందరులో సంసారం పెట్టాడంటే భార్యాభర్తలిద్దరూ ఇట్టే నమ్మారు, బావమరిది నమ్మాడు, మొత్తం పామర్రు నమ్మింది. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి ఊరికే ఆగి సాయం చేసిందంటే మాత్రం ఒక్కరూ నమ్మలేకపోయారు.

చివరికి తిరుపతిరావే ఉపాయం చెప్పాడు. ఆవేళ ఎవరి ముందు చెల్లెల్నని ఏడ్చిందో వాళ్ళందరి ముందూ నిలబడి, కాదని చెప్పాలి. చెప్పకపోతే ఆస్తి కోసం లేని చుట్టరికం కట్టిందని స్టేషన్లో పెడతాడు. అసలే ఎమర్జెన్సీ రోజులు. లోపల వేస్తే ఎప్పుడు బయటికొస్తుందో చెప్పేనాథుడు లేడు.

తెరేసమ్మ రత్తమ్మని వరండాలోకి పిలిచి, "చెప్పెయ్యమ్మా. ఉన్నమాటేగా. నీకేం పోయింది?" అంది.

"నాకేం పోద్దమ్మా? రేపు పడేవోడికి పోద్ది." అంది రత్తమ్మ. "నాది దొంగేడుపని తెలిసినాక ఇంకెవురు కదుల్తారు? మా పేరయ్యలాగే దాహం దాహం అంటా పోతారు."



వెంకటప్పయ్యని ఇంటికి పంపిన రోజున టాక్సీ బస్టాండు ముందు ఆగింది. ఆయన వెనక సీట్లో కండువా తల మీదుగా కప్పుకుని కూర్చున్నాడు. తిరుపతిరావు దిగి, రత్తమ్మని ముందుకు పిలిచి, సోడా బండి పక్కన నిలబడి, పంచాయితీ పెద్దలా గొంతు సవరించుకున్నాడు. బెజవాడలో ఎవరైనా గొంతు సవరించుకుంటే జనాన్ని పిలవక్కర్లేదు.

"అందరూ వినండి. ఏమ్మా, మా బావగారికి నువ్వు చెల్లెలివా?"

రత్తమ్మ టాక్సీ వైపు చూసింది. ఆయన ఒక్క మాట అంటాడేమోనని చూసింది. ఆయన కండువా ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు.

"కాదు" అంది.

"అక్కవి? మేనత్త కూతురివి? ఏ వరసా కాదుగా?"

"ఏ వరసా కాదు. ఈయనే కాదు, ఇప్పటిదాకా నేనిక్కడ అన్నా, తమ్ముడా అని ఎవురికోసం ఏడ్చానో వాళ్ళెవరూ నాకేమీ కారు."

జనం హవ్వ అని నోళ్ళు నొక్కుకున్నారు. ఎంత మోసం! తమ జాలిని ఇన్నేళ్ళుగా దొంగ చుట్టరికానికి ఖర్చు పెట్టించింది! అందరికంటే ఎక్కువగా పుల్లయ్య రోషపడ్డాడు. "నీ అన్నే గదా అని నాలుగు సోడాలు ఊరికే కొట్టానే! ఏమీ కానోడికి ఎందుకే ఆ ఏడుపు?"

"ఏడవకపోతే కొట్టేవోడివా పుల్లయ్యా?"

పుల్లయ్య బండి మీది సోడాలు సర్దడం మొదలుపెట్టాడు.

"మా పేరయ్య పడ్డనాడు కూడా నీ బండి ఇక్కడే ఉంది. గుక్కెడు నీళ్ళడిగాడంట. కొట్టావా?"

తిరుపతిరావుకి ఈ గొడవతో పని లేదు. తనకి కావలసిన ముక్క దక్కింది, టాక్సీ ఎక్కాడు. కారు కదులుతుంటే, నోటిమాట కంటే కాగితం మీద వేలిముద్ర వేయించాల్సిందని మాణిక్యమ్మ అంటున్నది బయటికి వినిపించింది.

తొలకరి పడి నేల చల్లబడ్డాక, బస్సు దిగుతూ ఒక నిండుచూలాలు ఆ బస్టాండు ముందే జారిపడింది. వెంట ఎవరూ లేరు. జనం మళ్ళీ గోడ కట్టారు. ఏ ఊరమ్మా, ఎవరి తాలూకమ్మా అని మళ్ళీ మొదలైంది. రత్తమ్మ గంప దించేసరికి నాటకం చూడబోతున్నట్టు అందరి ముఖాల్లోనూ నవ్వు.

"ఈవిడేమవుద్ది రత్తమ్మా? వదినా? తోడికోడలా?"

ఏ వరస పెట్టి ఏడ్చినా ఇక నవ్వుతారే గానీ కదలరు. కిందనున్న పిల్ల నొప్పితో ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. రత్తమ్మ కూర్చుని ఆ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుని, నవ్వుతున్నవాళ్ళ వైపు కాకుండా సోడా బండి వైపు చూసింది.

"ఏమీ కాదు. పుల్లయ్యా, కాళ్ళు పట్టుకో."

పుల్లయ్య అటూ ఇటూ చూశాడు. పోలీసులు, కోర్టు, పెళ్ళాంబిడ్డలు, అన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మెల్లగా వచ్చి వంగాడు.

"రేపు కోర్టులో అడిగితే ఏం చెప్పాలే?"

"నీకేమీ కాదని చెప్పు. ముందు ఎత్తు."

ఎత్తాడు. రిక్షావైపు నడుస్తుంటే జనం, ఈవిడ ఎవరి తాలూకో ఇంకా తేలనేలేదని సణుక్కుంటూనే, దారి ఇచ్చారు.