తాళ్లు కట్టిన హెలికాప్టర్

మొన్న మానుకోటలో ఒక పెళ్లికి వెళ్లాను. తలంబ్రాల వేళకు మా నెత్తి మీదికి డ్రోన్ ఒకటి వచ్చి గుయ్యిమంటూ నిలబడింది. దాని గాలికి వధూవరుల మీద పడవలసిన బియ్యం కొంత నా జేబులో పడింది. అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతుంటే నేను మాత్రం వాసన కోసం వెతుక్కున్నాను. గాలిలో నిలబడే యంత్రమన్నాక కాలిన ఆముదం వాసన రావాలని నా ముక్కుకు ఒక మూఢనమ్మకం. రాలేదు. ఇవన్నీ బ్యాటరీ సంతతి. ఆముదం తాగే హెలికాప్టర్ నా జన్మలో ఒక్కటే చూశాను. దాన్ని ఏరికోరి తెప్పించినవారు సోమిరెడ్డి సార్.

ఎనభైల్లో జనగామలోని ఒక కళాశాలలో సార్ ఫిజిక్స్ లెక్చరర్. నేను ఆయన కింద ల్యాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్‌ని. పాఠం చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఏమీ కనిపించేది కాదు. ప్రయోగం చెడిపోయినప్పుడు మాత్రం వెలిగేది. "ఇగ ఇప్పుడు సురువైంది ఫిజిక్స్" అనేవారు. ఆయనకు విమానం నడపాలని కోరిక ఉండేదట. అరవై తొమ్మిదిలో ఇంటర్వ్యూకు పిలుపు కూడా వచ్చింది, హైదరాబాదు వెళ్లాలి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. ఆ పొద్దున రైలు జనగామ దాటలేదు. ఎవరు ఆపారు సార్ అని అడిగాను.

"మేమే. పట్టాల మీద ముందు వరుసల కూసున్న."

"మరి ఇంటర్వ్యూ?"

"యాదికే ఉన్నది. లేస్తే దోస్తులు ఏమనుకుంటరో అని లేవలె."

తాను ఎక్కవలసిన రైలును తానే ఆపిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. కానీ ఆకాశంలో ఏ చప్పుడైనా చాక్‌పీసు ఆగిపోయేది.

రేడియోతో నడిచే బొమ్మ హెలికాప్టర్లు ఉంటాయని ఆయనకు ఒక విదేశీ కేటలాగులో తెలిసింది. మా సహోద్యోగి బావ దుబాయిలో ఉండేవాడు, సెలవుకు వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. ఇక మిగిలింది డబ్బు. సుగుణమ్మ, అంటే సార్ భార్య, గ్రైండర్ కోసం దాచుకున్నది తీసి ఇచ్చింది. "రుబ్బురోలు యాడికి పోతది? మీ ముచ్చటైతే తీరనీయుండ్రి" అన్నదట. మా బడ్జెట్ అంటే ఆ గ్రైండరే. అంతకు మించి పైసా లేదు.

ల్యాబులో బల్ల మీద కేటలాగు పరిచి, ఇద్దరం పిల్లను చూడబోయే పెద్దమనుషుల్లా కూర్చునేవాళ్లం. నేను మొదటి రోజే వివేకం ప్రదర్శించాను.

"విమానం కొందాం సార్. చౌక. నేర్చుకోవడం కూడా తేలికట."

"నిజమే. గని విమానం ఆగదు, ఉరుకుతనే ఉంటది. నాకు ఒక్క తాన నిలబడేది కావాలె. సుగుణ వాకిట్ల నిలబడి, తలెత్తి చూడాలె."

అన్నిటిలోకీ అందమైనదానికి విడిభాగాలు దొరకవని తేలింది. సార్ పేజీ తిప్పేశారు. చవకైనదానికి తీగ ఉంది, అంటే అది కుక్కలాగా మన వెంటే తిరుగుతుంది. చివరికి ఒకటి కుదిరింది. అయితే తోకను నిలకడగా ఉంచే జైరో అనే పరికరాన్ని విడిగా కొనాలి. అది కొంటే అదనపు రెక్కలకు డబ్బు మిగలదు. జైరోనే కొందాం సార్, అసలు పడకుండా ఉంటుంది కదా అన్నాను.

"పడని హెలికాప్టర్ ఎవలూ అమ్మరు మల్లేశం. పడ్డంక లేపగలిగేదే కొందం."

నాకది గొప్ప తత్వంగా తోచింది. తోక అభిప్రాయం వేరని తర్వాత తెలిసింది.

పెట్టె వచ్చింది. ఎండాకాలమంతా స్క్రూలు బిగించాం. దాని ఇంజిన్‌కు మిథైల్ ఆల్కహాల్‌లో ఆముదం కలిపి పోయాలి. ఆల్కహాల్ కెమిస్ట్రీ లెక్చరర్ చూసుకున్నాడు. ఆముదం కోసం సార్ డబ్బా పట్టుకొని బజారుకు వెళితే, దుకాణం సేటు డబ్బా సైజు చూసి కంగారుపడ్డాడు.

"ఇంటిల్లిపాదికీ కడుపు కరాబైందా సార్?"

"లేదు సేటూ, హెలికాప్టర్‌కు."

సేటు ఇంకేమీ అడగకుండా తూచాడు.

కళాశాల మైదానంలో నాలుగు మేకులు కొట్టి, దాన్ని నాలుగు తాళ్లతో కట్టి నేర్చుకోవడం మొదలుపెట్టారు. పొగ, ఆముదం వాసన, భయంకరమైన చప్పుడు. వీటన్నిటి ఫలితంగా అది రెండు మూరలు లేచేది. లేవగానే తోక తన దారి తాను చూసుకునేది. ఒకసారి రోడ్డున పోతున్న కానిస్టేబుల్ సైకిల్ దిగి వచ్చాడు. సార్ చేతిలో ఏరియల్ ఉన్న రిమోటు పెట్టె వైపు అనుమానంగా చూశాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నరు సార్ గా పెట్టెల?"

"తోకతోని. ఇంటలేదు."

అతను నవ్వి వెళ్లిపోయాడు.

సుగుణమ్మను పిలుద్దాం సార్ అని నేను చాలాసార్లు అన్నాను. "తాళ్లు కట్టుకొని ఎగిరేది ఏం జూపిస్తం? ఇప్పినంక పిలుస్త" అనేవారు. చలికాలం పోయేసరికి తోక మాట వినసాగింది. పరీక్షలయ్యాక తాళ్లు విప్పుదామనుకున్నాం. పరీక్షల కంటే ముందు బదిలీ వచ్చింది, భూపాలపల్లికి.

ఆ రోజుల్లో అటు అడవి పక్కన వైర్‌లెస్ పెట్టెలాంటిది పట్టుకొని బయట నిలబడడం ఆరోగ్యానికి మంచిది కాదు. సార్‌కు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. "పోలీసులో అన్నలో, ఎవలు ముందొచ్చి అడుగుతరో తెల్వది. ఎవలొచ్చినా మన తోక ముచ్చట సమజ్ కాదు" అని రిమోటును నా దగ్గర వదిలారు. హెలికాప్టర్‌ను మాత్రం విడిచిపెట్టలేక ఒళ్లో పెట్టుకొని బస్సెక్కారు. అలా అది భూపాలపల్లిలో, దాని బుద్ధి జనగామలో నా బీరువాలో ఉండిపోయాయి. సెలవులకు కలిసినప్పుడల్లా పెట్టె తెమ్మంటారా అని అడిగేవాణ్ణి. "జర సద్దుమణగనీ" అనేవారు. ఆ సద్దు ఆయన కంటే ఎక్కువ కాలం బతికింది. ఒక పొద్దున క్లాసుకు తయారవుతూ, గుండె ఆగి పోయారు.

కర్మలు ముగిశాక వెళ్లాను. అలమార మీద హెలికాప్టర్ ఉంది, పాత చీర ముక్క కప్పి ఉంది. దుమ్ము పడకుండా సుగుణమ్మే కప్పిందట. దాన్ని చూపించి ఆమె అడిగింది.

"తమ్మీ, గిది ఎన్నడన్న లేసిందా?"

"లేసింది అక్కా. రెండు మూరలు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను హాస్యమాడుతున్నానేమోనని కాబోలు.

"నిజంగనా? మరి నాకెందుకు జూపియ్యలె?"

"తాళ్లు ఇప్పినంక చూపిస్తనన్నరు."

ఆమె లేచి చీర ముక్కను సర్ది, అటు తిరిగే అన్నది: "తాళ్లుంటే ఏమాయె? నేను చూద్దును గద."

 

విడిభాగాలు దొరకని వస్తువును నేను ఇప్పటికీ కొనను. కొనకముందే పగలడం గురించి అడుగుతానని దుకాణాలవాళ్లు నన్ను అపశకునంగా చూస్తారు. అది సార్ నేర్పిన విద్య. ఆయన నేర్పకుండానే వచ్చిన అలవాటు ఇంకొకటి ఉంది. ఉప్పు సరిపోయిందో లేదో తెలియని కూర, సగం వచ్చిన పాట, ముగింపు దొరకని వ్యాసం, ఏదైనా సరే వెంటనే తీసుకెళ్లి ఇంట్లోవాళ్ల ముందు పెట్టేస్తాను. పూర్తయ్యాక చూపించొచ్చు కదా అని నా భార్య విసుక్కుంటుంది. ముందు చూడు, అంటాను.