గ్యాలరీలో మా అత్త గొంతు

మా అత్త పోయింది. మా నాన్నకు అక్క. పోయిన వారం తెల్లవారుతుండగా ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మని లేపితే లెగట్లేదు, బేగి రా" అంది. మల్కాపురం వెళ్ళేసరికి వీధంతా అక్కడే ఉంది. దండ పట్టుకుని వచ్చిన ఓ కుర్రాడు పక్కవాడితో మెల్లగా, "ఈవిడే కదేటి, ఆ వీడియోలో ఫుట్‌బాల్ అత్త!" అన్నాడు. వాడు గౌరవంగానే అన్నాడు. కానీ ఆ పేరు వినిపిస్తే అత్త తలుపు వేసుకునేది. ఎందుకో చాలామందికి తెలియదు.

ఆమెకు ఈ ఆట పిచ్చి మావయ్య వల్ల పట్టుకుంది. ఆయన పోర్టులో సరుకు మోసే కళాసీ. బంతి బాగా ఆడతాడని, పోర్టు జట్టు కోసమే పనిలోకి తీసుకున్నారు. జీతం మాత్రం మిగతా కళాసీలకు ఎంతో అంతే. మ్యాచ్ ఉన్న రోజు అరటిపండు, ఉడికించిన గుడ్లు ఇచ్చేవారట. ఒక గుడ్డు జేబులో దాచి అత్తకు తెచ్చేవాడట. ఆయన పోయాక కూడా అత్త ఆటను ఆ గుడ్డుతోనే తూచేది. "మీ మావయ్య గుడ్డుకి ఆడీవోడురా అల్లుడూ! ఈలకి కోట్లు పోత్తన్నారు, ఓ బంతిని గోల్లోకి తన్నలేరేటి?" అనేది.

బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, వెల్లుల్లి ఒలుచుకుంటూ విదేశీ మ్యాచులు చూసేది. ఎవడైనా తగలకుండానే పడి పొర్లితే, "లెగు బాబూ, లెగు, నీ వారం జీతంతో మా వీధిలో పెళ్ళిళ్ళన్నీ సేసీయొచ్చు" అనేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆమె నోటికి జడిస్తే ఎవరూ ఆ ఇంటి గడప తొక్కేవారు కాదు. కానీ గ్రౌండు నుంచి మోకాళ్ళు చీరుకుని వచ్చే ప్రతి పిల్లాడూ ఆ గుమ్మంలోనే ఆగేవాడు. తిడుతూనే కడిగి పసుపు అద్దేది.

రెండేళ్ళ కిందట ఓ పెద్ద క్లబ్బు మా ఊళ్ళో ప్రదర్శన మ్యాచ్ ఆడటానికి వచ్చింది. అందులో మా వైపు కుర్రాడు, ఆనందపురం దగ్గర పల్లెటూరివాడు ఉన్నాడు. ఆ ఏడే అతన్ని పెద్ద మొత్తానికి కొన్నారని పేపర్లన్నీ రాశాయి. అత్త మంచి చీర కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. గ్యాలరీ అంతా మనవాడు, మనవాడు అని ఊగిపోయింది.

మనవాడు ఆడలేదు. బంతి వచ్చిన ప్రతిసారీ ఒక అడుగు వెనకే ఉన్నాడు. చివర్లో కీపర్ కూడా లేని గోలు ముందుకు బంతి దొర్లుకుంటూ వస్తే, పైకి తన్నేశాడు. జనం ఒక్కసారిగా ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో మా అత్త లేచి నిలబడింది.

"ఏరా నాయనా! నీకిచ్చిన కోట్లు బరువైపోనాయా, కాలు లెగట్లేదు?"

గ్యాలరీ అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పక్క వరసలో ఎవరో అదంతా ఫోనులో తీశారు. మర్నాటికి ఆ వీడియో మా ఊరు దాటింది. కూరలబ్బాయి అత్తను గుర్తుపట్టి కరివేపాకు ఊరకే ఇచ్చాడు. "అల్లుడూ, నన్ను హీరోయిన్ని సేసీసార్రా" అని ఆమె మురిసిపోయింది. ఆ కుర్రాడు ఏ ఊళ్ళో ఆడినా తెలుగువాళ్ళు ఉంటే అదే మాట అరిచేవారు. అతని ఫొటో ఏది కనపడినా దాని కింద అదే మాట. అతని ఆట కూడా అప్పట్నుంచీ దిగుతూనే వచ్చింది.

కొన్నాళ్ళకి మా ఇంట్లో శుభకార్యం వచ్చింది. పూల కోసం అత్తా నేనూ ఆనందపురం మార్కెట్‌కి వెళ్ళాం. చేమంతులు తూస్తున్న ఆవిడ అత్త ముఖం కేసి రెండుసార్లు చూసింది.

"ఆ వీడియోలో అరిసినావిడ మీరేనేటమ్మా?"

"నానే!" అంది అత్త, నవ్వుతూ.

"నాను ఆడి తల్లినమ్మా."

ఆవిడ కోపంగా అనలేదు. చేతిలో తక్కెడ కూడా దించలేదు. "ఆ రోజు మావోడు ఆడలేదు. ఆడికీ తెలుసు, నాకూ తెలుసు. మీరు ఉన్న మాటే అన్నారు. కానీ ఇప్పుడు మా ఊరి పిల్లలు కూడా ఆణ్ణి సూత్తే అదే అంటన్నారమ్మా. సెలవులిచ్చినా ఇంటికి రానంటన్నాడు" అని, చివర అందరికీ వేసినట్టే గుప్పెడు పూలు కొసరు వేసింది.

బస్సులో అత్త పూలసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధురవాడ దాటాక, "నాను అబద్ధం ఆడ్లేదురా. అయినా ఇంత సిగ్గేత్తందేటి?" అంది.

మర్నాడు ఆమె, "తప్పైపోనాదని నాను సెప్తాను, వీడియో తియ్యండి" అంది. కూతురు తీసింది. అత్త చేతులు జోడించి నాలుగు ముక్కలు చెప్పింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మొదటి వీడియోను ఊరంతా పంచిన మా బంధువుల్లో ఒక్కరూ దీన్ని ఇంకొకరికి పంపలేదు. చూసిన ఒకరిద్దరు కూడా, "ఇందులో నవ్వడానికేటీ లేదే" అన్నారు. ఆమె మాత్రం రోజూ అడిగేది, "ఆ పిల్లోడు సూసుంటాడంటావా?" అని.

మ్యాచులకు వెళ్ళడం ఆమె మానలేదు, నోరే మానేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు "అత్తా, ఒక్కటెయ్యి" అని బతిమాలేవారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆట చూసేది. ఒకసారి నాతో మాత్రం, "ఆడినోడికి అలుపు, సూసినోడికి నోరు. అంతేరా" అంది. మరో క్లబ్బు ఆ కుర్రాణ్ణి తక్కువకు తీసుకుందని, మళ్ళీ గోల్స్ వేస్తున్నాడని ఈ మధ్య తెలిసిన రోజు అత్త రాత్రి భోజనం రెండోసారి వడ్డించుకుందట.

అంతకుముందు, పాత క్లబ్బు వదిలేశాక, అతను ఇంటికి వచ్చాడని తెలిసి అత్తా నేనూ అతని ఊరు వెళ్ళాం. కొత్త డాబా ఇల్లు. తల్లి మమ్మల్ని గుర్తుపట్టి వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "ఆడు లోపలి గదిలో ఉన్నాడు. ఎవ్వులొచ్చినా బయటికి రాడు. సెప్పీదేటో ఇక్కణ్ణించే సెప్పండి" అంది.

అత్త గొంతు సవరించుకుంది. "నాయనా..." అని మొదలుపెట్టింది. పక్కనే కూర్చున్న నాకే సరిగా వినపడలేదు.

"గట్టిగా అనాలమ్మా, ఆ గదికి ఇనబడదు" అంది తల్లి.

అత్త మళ్ళీ ప్రయత్నించింది. పెదాలు కదిలాయి. స్టేడియం ఈ కొస నుంచి ఆ కొసకు పాకిన గొంతు ఆ చిన్న వసారా దాటలేదు. చేతిలో గ్లాసు ఒరిగి మజ్జిగ చీర మీద ఒలికింది.

కాసేపటికి గది తలుపు తెరుచుకుంది. అతను వచ్చి మా ముందు నిలబడ్డాడు. టీవీలో కంటే చిన్నవాడిలా ఉన్నాడు. "ఇనిపించిందమ్మా, మజ్జిగ తాగండి" అన్నాడు. క్షమించానని అనలేదు, అనమని అత్తా అడగలేదు. తలెత్తి అతని ముఖం చూడలేకపోయింది. నున్నటి కొత్త గచ్చు మీద అతని పాదాలు ఉన్నాయి. బంతి తన్నీ తన్నీ బొటనవేళ్ళ గోళ్ళు రెండూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి, ఒకటి సగం ఊడి ఉంది. అతను లోపలికి వెళ్ళిపోయాక కూడా మా అత్త ఆ పాదాలు ఉన్నచోటునే చూస్తూ కూర్చుంది.